వెనక కూర్చున్న మనిషి

నాకు స్కూటీ తోలడమంటే భయం. ఈ మాట మా ఊళ్ళో ఎవరితో అన్నా పగలబడి నవ్వుతారు. "గౌరీశ్వరికి భయమేటి, ఆవిడ నోటికి లారీలే పక్కకి తప్పుకుంతాయి" అంటారు. నోరు పెద్దదైతే గుండె కూడా పెద్దదే అనుకుంటారు జనం. కాదు బాబూ, నా గుండె పిడికెడే. అదీ రోజు విడిచి రోజు పలాస రోడ్డు మీద గొంతులోకి వచ్చేస్తూ ఉంటుంది.

మాది వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. కొబ్బరి, జీడి, కాస్త వరి. మా ఆయన మనోహర్ నాకు మేనత్త కొడుకే, అందుకే పెళ్ళయి ఇన్నేళ్ళయినా బావా అనే పిలుస్తాను. మా ఉద్దానం ప్రాంతంలో ఇంతమందిని పట్టుకున్న కిడ్నీ జబ్బు ఆయన్నీ వదల్లేదు. వారానికి మూడుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. నాలుగు గంటలు మిషను పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకుని లేచేసరికి మనిషి పిండి ఆరేసిన గుడ్డలా అయిపోతాడు. ఆ మనిషిని నేను స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని ఇంటికి తీసుకురావాలి.

కూర్చోబెట్టుకుని అంటే చాలదు, కట్టుకుని. మా వైపు అందరూ చేసేది అదే. డయాలసిస్ అయిన మనిషికి దారిలో కళ్ళు తిరుగుతాయి, కునుకు పడుతుంది, చెయ్యి పట్టు జారిపోతుంది. అందుకని బండి తోలేవాళ్ళనీ వెనక మనిషినీ కలిపి నడుం చుట్టూ తువ్వాలు చుట్టి ముడి వేసుకుంటారు. మధ్యాహ్నం పూట ఆసుపత్రి గేటు దగ్గర నిలబడితే చూడొచ్చు, కొడుకు వీపుకి తండ్రి, తమ్ముడి వీపుకి అన్న. బావని మొదటిసారి కట్టుకున్నప్పుడు నలుగురిలో నాకు సిగ్గేసింది. రెండోసారికి సిగ్గు పోయింది, భయం మిగిలింది. నా చేతులు హ్యాండిల్ మీద ఉండాలి కాబట్టి ముడి ఆయనే వేసేవాడు, కుడి పక్కన.

"ఏసీసావా బావా?"

"ఏసీసాన్లే, పోనీ."

ఇదీ మా రోజువారీ మాట.

మరి ఆటోలో వెళ్ళకూడదా అని మీరు అడుగుతారు. వెళ్ళొచ్చు. అప్పలరాజు ఆటో ఒకటి మా ఊరి పేషెంట్లనే ఎక్కించుకుని పొద్దున్నే పలాస వెళ్తుంది, అందరికీ అయ్యాక మళ్ళీ దింపుతుంది. అప్పలరాజు మంచివాడు, నెమ్మదిగా తోలతాడు. కానీ ఆ ఆటోకి ఊళ్ళో చెడ్డపేరుంది. అందులో సీటు ఖాళీ అయిందంటే మనిషి ఊరెళ్ళాడని కాదు, పోయాడని. ఆ ఖాళీలో ఎవరు కూర్చుంటే తర్వాతి వంతు వాళ్ళదేనని మా వాళ్ళ నమ్మకం. నవ్వుకోండి. మా వీధికి వచ్చి నాలుగు నెలలుండి, ఎదురింట్లో ఒకరు, పక్కింట్లో ఒకరు వెళ్ళిపోవడం చూశాక అప్పుడు నవ్వండి. ఆ వేసవిలో మా జీడితోట పక్క రైతు గున్నయ్య పోయాడు. ఆయన సీటు అలాగే ఖాళీగా తిరుగుతోంది. అప్పలరాజు వచ్చి అడిగితే బావ మొహం తెల్లగా పాలిపోయింది.

"నాకొద్దురా. నాకు బండుంది" అన్నాడు.

నేనూ బలవంతపెట్టలేదు. ఆ ఆటో మా గుమ్మం ముందు హారన్ కొడితేనే నా ఒళ్ళు జలదరించేది. అందుకే స్కూటీ.

స్కూటీ ఇన్సూరెన్స్ గడువు అయిపోతోందని కాశీబుగ్గలో వైకుంఠరావు దగ్గరికి వెళ్ళాం. ఆయన బావతో కలిసి చదువుకున్నాడు, ఇప్పుడు బళ్ళకి ఇన్సూరెన్స్ చేయిస్తుంటాడు. పాలసీ తక్కువ, పాఠం ఎక్కువ. మేం లోపలికి వెళ్ళేసరికే అద్దంలోంచి బావ నడుముకున్న తువ్వాలు చూశాడు.

"ఏటిరా ఇది? మనిషివా, గోనిమూటవా? సెల్లెమ్మా, నీకైనా బుద్ధుండక్కర్లేదా? ఇద్దర్నీ కలిపి కట్టీసుకుంటే ఒకలు పడితే ఇద్దరూ పడతారు. బండి కింద పడి ముడి ఇప్పుకోలేక పోయినోళ్ళున్నారు, తెలుసా?"

"కట్టుకోకపోతే ఆయన దారిలో రాలిపోతాడు. అప్పుడు నువ్వొచ్చి ఏరి తెత్తావేటి అన్నయ్యా?" అన్నాను. నాకు ఒళ్ళు మండింది. మంచి చెప్పేవాడికి ఏం పోయింది, తోలేది నేను.

"అందుకే ఆటోలో ఎల్లండి అంతన్నాను. మరి ఈడికి హెల్మెట్టేది?"

"ఎట్టుకుంటే ఊపిరాడట్లేదురా. గౌరి ఒక్కదానికీ ఉంటే సాల్లే" అన్నాడు బావ.

తర్వాత బావ అడిగిన ప్రశ్నలు నాకు వింతగా అనిపించాయి. తోలేవాళ్ళకి ఏదైనా అయితే ఏమొస్తుంది? వెనక కూర్చున్నవాడికైతే ఏమొస్తుంది? వైకుంఠరావుకి ఇలాంటివి అడిగితే పండగే. కుర్చీ ముందుకి లాక్కుని చెప్పాడు. థర్డ్ పార్టీ అంటే మన బండి వల్ల దెబ్బతిన్న పైవాళ్ళ కోసమట. బండి ఓనరు తనే తోలుతూ ప్రమాదంలో పోతే ఓనరు కుటుంబానికి వచ్చేది వేరే ఉందట. దానికి బండి తోలేవాళ్ళ పేరు మీదే ఉండాలి, లైసెన్సు ఉండాలి. వెనక మనిషికి కావాలంటే విడిగా చేర్పించుకోవాలి.

"అయితే బండి గౌరి పేరు మీదకి మార్పించీరా" అన్నాడు బావ.

"మార్పిద్దాం. నీ పేరు కూడా సేర్పించీనా, వెనకాల కూకున్నోడికని?"

"నాకెందుకురా? కిడ్నీ రోగం ఉన్నోడికి ఎవడిత్తాడు? ఆ మధ్య ఒకడొచ్చి రిపోర్టు సూసి దండం ఎట్టి పోనాడు."

"అది జీవిత బీమా రా. ఇది ప్రమాదానిది. రోడ్డు మీద పడినోడి కిడ్నీలు ఎవడు సూత్తాడు?"

వైకుంఠరావు ఎంత చెప్పినా బావ తల అడ్డంగానే ఊపాడు. ఇది ఆయన ఒక్కడి మొండితనం కాదు. మా ఊళ్ళో రిపోర్టు చేతికొచ్చిన ప్రతివాడూ తన పేరు ఇక ఏ కాగితం మీదా ఎక్కదనే అనుకుంటాడు. నేనూ అలాగే అనుకుని ఊరుకున్నాను. బండి నా పేరు మీదకి వచ్చింది. ఆడదాని పేరు మీద బండి ఉంటే కలిసొస్తుంది అని బావ నవ్వాడు, నేనూ నవ్వేశాను.

ఇక ఆ రోజు సంగతి చెప్తాను. చెప్పాలంటే ఇప్పటికీ అరచేతులు చెమటలు పడుతున్నాయి.

వానలు ముగుస్తున్న రోజులు. పొద్దుట్నుంచి సముద్రం గాలి. డయాలసిస్ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. బావకి బీపీ పడిపోయిందని కాసేపు కూర్చోబెట్టి పంపారు. ఎడమ చేతి మీద పట్టీ వేశారు. ఆ చేతిలోనే ఫిస్టులా ఉంది. అంటే డయాలసిస్ సూదుల కోసం రెండు రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు. దాని మీద వేలు పెడితే లోపల రక్తం జుయ్యిమని పరుగెత్తడం తెలుస్తుంది. ఆ చెయ్యి జాగ్రత్త, అక్కడ తెగితే రక్తం ఆగదు, పైగా మిషను ఎక్కినప్పుడల్లా రక్తం పలచబడే మందు ఇస్తాం అని నర్సులు చెప్పి చెప్పి నా చెవులకి చిల్లులు పొడిచారు. నాకు ఆ చెయ్యంటేనే భయం. రాత్రి నిద్రలో తగులుతుందేమోనని నేను వేరే మంచం వేసుకున్నాను.

తువ్వాలు చుట్టుకున్నాం. బావ ముడి వేశాడు. హైవే దాటే చోట చాలాసేపు నిలబడ్డాను. అటు లారీలు, ఇటు బస్సులు, ఒకటి పోతే ఇంకొకటి. నాలుగడుగులు ముందుకి వేసి మళ్ళీ వెనక్కి లాగాను. వెనకాల ఎవడో హారన్ కొట్టాడు.

"కొట్రా, కొట్టు! నీ వీపుకి మనిషిని కట్టి తోలమంటే తెలుత్తాది!" అని అరిచాను.

బావ నా భుజం మీద గడ్డం ఆనించి చిన్నగా నవ్వాడు. హైవే దాటాక ఆయన బరువంతా నా వీపు మీదకి వాలింది. కునుకు పట్టిందనుకున్నాను. ఆయన అలా నిద్రపోతే నాకు రెండు రకాల భయం. కదిలితే పడతాడేమోనని ఒకటి, కదలకపోతే ఇంకొకటి. అందుకని మధ్య మధ్యలో వెనక్కి అరిచేదాన్ని.

"బావా!"

"ఊఁ."

"ఉన్నావా?"

"ఎక్కడికి పోతానే?"

రోడ్డు తడిగా ఉంది. అటూ ఇటూ జీడితోటలు, మధ్యలో రోడ్డు మీదకి కొట్టుకొచ్చిన ఇసుక మేట. తడి మీద ఇసుక ఉంటే బండి మాట వినదని నాకు తెలుసు. ముందు ఒక ట్రాక్టరు కొబ్బరికాయల లోడుతో వెళ్తోంది. నేను దాన్ని దాటలేదు, నాకంత ధైర్యం ఎక్కడిది. వెనకే పోతున్నాను. మలుపులో ట్రాక్టరు గుంతలో పడి ఎగిరింది, లోడు మీద నుంచి కాయలు దబదబా రోడ్డు మీద రాలాయి. ఒకటి నా ముందు చక్రం కిందికే వచ్చింది. బ్రేకు నొక్కాను. నొక్కకూడనంత గట్టిగా నొక్కాను. వెనక చక్రం ఇసుకలో పక్కకి జారిపోయింది. అయిపోయింది, ఇద్దరం పడిపోతున్నాం అనుకున్నాను. కళ్ళ ముందు సుష్మ మొహం కనబడింది. మా కూతురు అది, టెక్కలిలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది.

అప్పుడు నా వీపు తేలికైపోయింది.

అది ఎలా చెప్పాలో తెలియడం లేదు. పడుతున్న బండి నిలదొక్కుకుంది. నా కాళ్ళు నేలకి తగిలాయి, బండి నిలబడింది, నేను నిలబడ్డాను. నడుము దగ్గర తువ్వాలు ఒక కొస వేలాడుతోంది. వెనక ఎవరూ లేరు.

"బావా!" అన్నాను. ఊఁ అనలేదు.

రోడ్డుకి అడ్డంగా, ఎడమ చెయ్యి కిందపెట్టి పడి ఉన్నాడు. ఆయన వెనకే జీడిపిక్కల బస్తాలతో ఒక వ్యాను వస్తోంది. దాని చక్రాలు కీచుమన్నాయి. నేను బండి వదిలేసి రెండు చేతులూ ఊపుతూ వ్యానుకి ఎదురుగా పరుగెత్తాను. అది ఆగింది. ఆయన తలకీ దాని చక్రానికీ మధ్య నేను పట్టేంత చోటే ఉంది. ఆ చోట్లోనే మోకాళ్ళ మీద కూలబడ్డాను.

నుదురు చిట్లింది, అది కాదు నేను చూసింది. పట్టీ లేచిపోయింది, చేతిలోంచి రక్తం ఎగజిమ్ముతోంది. మా ఇంట్లో మోటారు పైపు పగిలినా అలా రాదు. నేను తువ్వాలు ఊడలాక్కుని మడతపెట్టి ఆ చోట పెట్టి బొటనవేళ్ళు రెండూ బలంకొద్దీ అదిమాను. నా వేళ్ళ కింద ఆ జుయ్యిమనడం తెలుస్తోంది. అది ఆగితే మనిషి ఆగినట్టే, వేళ్ళు వదిలితే అంతా పోయినట్టే. ఓలమ్మా, ఓలమ్మా అని నా నోరు దానంతట అదే అరుస్తోంది.

వ్యాను డ్రైవరు నడివయసు మనిషి, పేరు కామేశ్ అని తర్వాత తెలిసింది. "అమ్మా, నువ్వు సెయ్యి తీయకు. మిగతాది నేను సూసుకుంతాను" అని బస్తాలు పక్కకి తోసి మా ఇద్దర్నీ కలిపే ఎక్కించాడు. వ్యాను వెనక్కి తిప్పి పలాస వైపు పరుగెత్తించాడు. దారి పొడుగునా నేను వేళ్ళు తియ్యలేదు. బావ కళ్ళు సగం మూసుకుని ఉన్నాయి. నేను తిట్టడం మొదలుపెట్టాను. భయమేస్తే నాకు వచ్చేది తిట్లే.

"సచ్చావంటే సంపీత్తాను! ఏటనుకుంతన్నావు? నన్ను రోడ్డు మీద ఒగ్గీసి ఎలిపోదామనే? కళ్ళు తెరువు! తెరువు అంతన్నాను!"

ఆసుపత్రిలో నర్సు నా వేళ్ళు ఒక్కొక్కటీ తీసి తన వేళ్ళు పెట్టాల్సి వచ్చింది. అవి బిగుసుకుపోయాయి. తలుపు మూశారు. బయట గోడకి ఆనుకుని కూర్చున్నాను. సుష్మకి ఫోన్ చెయ్యాలి, ఏమని చెయ్యను? మీ నాన్నని నేనే పడేశాను అని చెప్పనా? ముడి సరిగా పడిందో లేదో నేను చూసుకోవద్దా? ఎవరైనా తలుపు తీస్తే లేచి నిలబడుతున్నాను, మళ్ళీ కూర్చుంటున్నాను. ఆ తలుపు ఇంక తియ్యకపోతే బాగుండునని కూడా అనిపించింది. తియ్యనంతసేపూ ఆయన ఉన్నట్టే కదా.

తీశారు. ఉన్నాడు. నుదుటికి కుట్లు, చేతికి కట్టు, పక్కటెముక ఒకటి చిట్లింది. అదిమి పట్టుకోబట్టి బతికాడమ్మా, ఫిస్టులా కూడా దక్కింది అన్నాడు డాక్టరు. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. లోపలికి వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాను.

"ముడి సరిగ్గా ఎందుకేయలేదు?"

బావ గోడవైపు చూశాడు.

"సరిగ్గానే ఏసాను."

"మరెలా ఊడిపోనాది?"

"నేనే లాగీసినాను గౌరీ."

నాకు అర్థం కాలేదు. ఆయన పెదాలు ఎండిపోయి ఉన్నాయి, మాట మాటకీ ఆగుతూ చెప్పాడు. వేసింది ఎద్దుల పలుపుకి వేసే జారుముడి. రైతు బిడ్డకి అది నేర్పక్కర్లేదు, కొస పట్టుకుని లాగితే విడిపోతుంది. వైకుంఠరావు ఆఫీసులో ఒకరు పడితే ఇద్దరూ పడతారన్న మాట విన్న రోజు నుంచీ అదే వేస్తున్నాడట. ఆ కొస తన కుడి చేతి పిడికిట్లో పెట్టుకునే కూర్చుంటున్నాడట.

"సక్రం జారింది. నా బరువుంటే నువ్వు కూడా పడిపోతావని లాగీసినాను."

"నువ్వు నిద్రపోలేదా?"

"నిద్రెక్కడిదే? కొస సేతిలో ఒట్టుకుని కూకుంటే నిద్రొత్తాదేటి? భయమేత్తాది కదా. నువ్వు భయపడతన్నావని నీ వీపు సెప్పీసేది. నేను కూడా భయపడతన్నానంటే నువ్వింక తోల్లేవని..."

"ఎందుకు సేసినావు బావా?"

"నేనెలాగూ పోయేవోణ్ణి. నువ్వుండాల. సుష్మకి ఒక్కలైనా ఉండాల కదేటే. అందుకే బండి నీ పేర ఎట్టించినాను, హెల్మెట్ నీకిచ్చినాను."

నేను ఆ మంచం కడ్డీ పట్టుకుని వంగి ఏడ్చాను. వార్డంతా చూస్తోంది, చూడనీ. పాలసీ ఎవరికి, హెల్మెట్ ఎవరికి, ముడి ఎవరి కోసం, అన్నీ ఒక్కడే కూర్చుని పంచేశాడు. తన వాటా ఏమీ పెట్టుకోలేదు. బతికుండగానే తనని తాను తీసేసుకున్నాడు. నా వీపుకి ఆనుకుని, నాకు తెలియకుండా.

"ఇంక స్కూటీ లేదు. ఆటోలోనే ఎల్తాం" అన్నాను ముక్కు తుడుచుకుని.

"గౌరీ, ఆ ఆటో వద్దే."

"నోర్ముయ్. కొస లాగినోడికి మాట్టాడే హక్కు లేదు."

ఆ మాటైతే అన్నాను గానీ, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక అప్పలరాజు ఆటో మా గుమ్మం ముందు ఆగి హారన్ కొట్టినప్పుడు నేను గుమ్మం లోపలే ఆగిపోయాను. లోపల ఇద్దరు మగవాళ్ళు, ఒక ముసలామె దాలమ్మ. అందరికీ ఎడమ చేతికో కుడి చేతికో బుడిపెల్లా ఉబ్బిన నరాలు. దాలమ్మ పక్కన సీటు ఖాళీగా ఉంది. గున్నయ్యది. బావ ఆటో కడ్డీ పట్టుకుని నిలబడిపోయాడు. కాలు పైకి పెట్టడం లేదు. ఆ సీటు రెక్సిన్ మీద మనిషి కూర్చుని కూర్చుని పడ్డ గుంట కనబడుతోంది.

"ఏటిరా మనోహరా, సీటు సూసి దడుసుకుంతన్నావేటి?" అంది దాలమ్మ. ఎవరికీ చెప్పుకోని మాటని అంత గట్టిగా అనేసరికి నాకు చచ్చేంత భయమేసింది.

"అది గున్నయ్యది కదత్తా" అన్నాడు బావ.

"అవును, గున్నయ్యదే. ఊరోళ్ళంతా ఈ సీటు గున్నయ్యని తినీసినాదంతారు. ఎర్రి ముకాలు! ఈ రోగమొచ్చినోణ్ణి నాలుగేళ్ళు పలాస తీసుకెళ్ళి నాలుగేళ్ళు ఇంటికి తెచ్చినాదిరా ఇది. ఒక్కరోజు కూడా దారిలో పడీలేదు. ఎక్కు, గాలొత్తాది కూడాను."

అప్పలరాజు అద్దంలోంచి చూస్తున్నాడు. బావ కాలు ఎత్తి లోపల పెట్టాడు, ఆ గుంటలో కూర్చున్నాడు. నేను ఎదురుగా ఇరుక్కున్నాను. ఆటో కదిలింది.

జీడితోటల దగ్గరికి వచ్చాక బావ నా వైపు వంగాడు. ఏదో గొణిగాడు, ఆటో చప్పుడులో వినబడలేదు. దగ్గరగా జరిగాను.

"నాలుగేళ్ళంటే సుష్మ డిగ్రీ అయిపోద్దేటే?" అని అడిగాడు.